ముందే కొనాల్సిన టికెట్లు, అక్కడికెళ్లాక కొనాల్సినవి

(సెలవుల ప్రయాణాల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏళ్ల తరబడి టికెట్ల బుకింగ్ పని చేసిన మా శీర్షికకర్త జవాబులు.)

ప్రశ్న: అన్నా, మే రెండో వారంలో ఊటీ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. బోటింగు, జీపు, హోటలు అన్నీ ఇప్పుడే బుక్ చేసేద్దాం, అక్కడికెళ్లి టెన్షన్ పడటం ఎందుకు అంటారు మా ఆయన. డబ్బులన్నీ కట్టేశాక ఎవరికైనా జ్వరమొస్తే ఎట్టా అని నా భయం. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అన్నీ అక్కర్లేదమ్మా. రైలు, టాయ్ ట్రైను (మెట్టుపాళయం నుంచి ఊటీకి కొండెక్కే చిన్నబండి), గది. ఈ మూడూ ముందే చూసుకోమనండి మీ ఆయన్ని. సీట్లు లెక్కగా ఉండేది వీటికే. బోటూ జీపూ ఎక్కడికీ పోవు. డబ్బులిస్తే అక్కడికక్కడే దొరుకుతాయి.

ముందు రైలు సంగతి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పాత 120 రోజుల లెక్క ఇప్పుడు లేదు. ప్రయాణం చేసే రోజు ఈ అరవైలో కలవదు. తేదీలు తప్పేది ఇక్కడే. మే 10 పొద్దున మీరు కావలిలో పినాకిని ఎక్కారనుకోండి, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. రాత్రి తొమ్మిది దాటాక అదే స్టేషన్లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మెట్టుపాళయం. ఈ రెండు బండ్లకూ టికెట్లు మార్చి 11 ఉదయం 8 గంటలకు మొదలవుతాయి. మెట్టుపాళయంలో టాయ్ ట్రైను ఎక్కేది మాత్రం మే 11న కాబట్టి దాని బుకింగు మార్చి 12న. పెద్ద బండికి టికెట్లు కొనేసి, చిన్నబండి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటే వెయిటింగ్ లిస్టే గతి. రెండు రోజులూ ఎనిమిది కొట్టేసరికి ఫోను ముందు కూర్చోవాల్సిందే. పిల్లల పేర్లు, వయసులు ముందురోజే ఐఆర్‌సీటీసీ మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకోండి. ఆ టైములో టైపు చేస్తూ కూర్చుంటే సీట్లు ఆగవు.

టాయ్ ట్రైనుకు ఎందుకింత గిరాకీ అంటే, కింద మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా వెళ్లే రోజువారీ బండి ఒక్కటే. 1908లో ఊటీ దాకా పూర్తయిన 46 కిలోమీటర్ల లైను అది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యలో పళ్ల పట్టా ఇంకొకటి ఉంటుంది. ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజను వెనకనుంచి బండిని నెడుతుంది. అందుకే ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు ఎదురుగా ఇంజను అడ్డముండదు, కొండ మొత్తం కనబడుతుంది.

ఇక మీ అత్తగారి మోకాళ్లు. కింది నుంచి ఊటీకి దాదాపు అయిదు గంటల ప్రయాణం, కాళ్లు చాపుకునే చోటు ఉండదు. ఆమెను ఆ బండి ఎక్కించొద్దంటాను నేను. మీ ఆయన పిల్లల్ని తీసుకుని ఆవిరి బండిలో రావొచ్చు. మీరిద్దరూ మెట్టుపాళయం నుంచి కారులో కూనూరు వెళ్లి, అక్కణ్ణించి ఊటీకి నడిచే బండి ఎక్కండి. గంట పైచిలుకు ప్రయాణం. ఆ ముక్కలో డీజిలు ఇంజనే గానీ తేయాకు తోటలు, సొరంగాలు అన్నీ కనబడతాయి. మధ్యాహ్నానికి అందరూ ఊటీ స్టేషన్లో కలుసుకోవచ్చు.

సొంత కారులో పోదామని మనసు మారితే ఈ-పాసు మర్చిపోవద్దు. మద్రాసు హైకోర్టు చెప్పిన మీదట 2024 మే 7 నుంచి నీలగిరులకూ కొడైకెనాల్‌కూ బయటి బండ్లకు ఈ-పాసు తప్పనిసరి చేశారు. 2025 ఎండాకాలంలో ఊటీ వైపు మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లకే అనుమతి అని పరిమితి కూడా పెట్టారు. పాసుకు రూపాయి కట్టక్కర్లేదు. ఎవరైనా "పాసు చార్జీ" అని అడిగితే అది వాళ్ల జేబులోకే. బస్సులో, రైల్లో వెళ్లేవాళ్లకు ఈ గొడవ లేదు. ఎలా వెళ్లినా ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాత్రం వద్దు, నీలగిరుల్లో నిషేధం. స్టీలు సీసాలు పెట్టుకోండి.

గది ఎంచుకునేటప్పుడు, రెండ్రోజుల ముందు దాకా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చేది చూడండి. నాలుగు రాళ్లు ఎక్కువైనా సరే. మీ జ్వరం భయానికి మందు అదే. మే నెలలో బొటానికల్ గార్డెన్లో పూల ప్రదర్శన జరిగే రోజుల్లో రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి, ఆ తేదీలు తప్పించుకుంటే మేలు. రైలు టికెట్టుకు ఇంకో వెసులుబాటుంది. అత్తగారు రాలేనంటే ఆమె కన్ఫర్మ్ టికెట్టును ఆమె కూతురి పేరుకు మార్చుకోవచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల మధ్య ఇది కుదురుతుంది. బండి బయల్దేరడానికి 24 గంటల ముందే బంధుత్వం చూపించే కాగితంతో రిజర్వేషను కౌంటర్లో అడగాలి. మీ ఆడబిడ్డను ఇప్పటినుంచే మంచి చేసుకుని ఉంచండి.

బోటింగు, దొడ్డబెట్ట, జీపు వీటికి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. మంచు కమ్మిందంటే పక్కనున్న మనిషే కనబడడు. ఏ రోజు తెరిపిగా ఉంటుందో కావలిలో కూర్చుని ఎవరూ చెప్పలేరు. పొద్దున కిటికీ తెరిచి చూసి బయల్దేరడమే.

ప్రశ్న: సార్, మా అబ్బాయి పరీక్షలు అయిపోగానే మార్చి 27 నుంచి కేరళ నాలుగు రోజుల ప్యాకేజీ అనుకున్నాం. మున్నార్‌లో రాజమలై, తేక్కడిలో బోటు, అలెప్పీలో హౌస్‌బోటు. మొత్తం డబ్బు ఇప్పుడే కడితే పది శాతం తగ్గిస్తానంటున్నాడు ఏజెంటు. కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పది శాతం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితంలో రాజమలై ఏ రోజు రాశాడో చూడండి. రాజమలై ఉన్నది ఎరవికులం నేషనల్ పార్కులో. అక్కడి నీలగిరి తార్‌లు, అంటే కొండమేకలు, పిల్లలు పెట్టే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులను లోపలికి రానివ్వరు. మీ తేదీలకు గేటు మూసే ఉంటుంది. ఆ సంగతి తెలియక రాసిన ఏజెంటుకు మొత్తం డబ్బు ముందే ఇవ్వొద్దు. తెలిసే రాశాడంటే అసలు ఇవ్వొద్దు. ఏప్రిల్ మొదటివారం దాటాక వెళ్తే మీ అబ్బాయికి కొండమేకల పిల్లలు కూడా కనబడొచ్చు.

హౌస్‌బోటు ఫోటోలు చూసి మురిసిపోకండి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కిస్తారు, మర్నాడు తొమ్మిదింటికి దించేస్తారు. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి బోటు ఒడ్డుకు కట్టేస్తారు, రాత్రిళ్లు జాలర్ల వలలుంటాయి కాబట్టి. మీరు కట్టేది దాదాపు ఒక రోజు డబ్బు, బోటు కదిలేది ఆరేడు గంటలు. చాలా బోట్లలో ఏసీ రాత్రిపూటే వేస్తారు. కాబట్టి ఏజెంటును అడగాల్సింది "ఏసీ ఉందా" అని కాదు, "ఏసీ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా" అని. బోటు మీ ఒక్క కుటుంబానికేనా, వేరేవాళ్లతో కలిపా అన్నది కూడా. బోటు పేరు, రిజిస్ట్రేషను నంబరు వాట్సాప్‌లో పంపమనండి. "అదే టైపు బోటు ఇస్తాం సార్" అంటే ఇంకా బోటు మాట్లాడలేదని అర్థం.

తేక్కడి బోటు టికెట్టు ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "ప్రవేశ రుసుములు అదనం" అని ఉంటే లేనట్టే. సీట్లు పరిమితం కాబట్టి దాన్ని మాత్రం మీరే ముందుగా తీసుకోండి. తెల్లవారి వెళ్లే మొదటి ట్రిప్పుకే జంతువులు కనబడే అవకాశం ఎక్కువ. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తోందని పిల్లాడు విప్పేస్తుంటే ఒప్పుకోవద్దు. 2009 సెప్టెంబరు 30న ఆ సరస్సులోనే జలకన్యక అనే బోటు బోల్తాపడి 45 మంది పోయారు.

డబ్బు విషయానికొస్తే, ఇప్పుడు పాతిక శాతం, గదులు కన్ఫర్మ్ అయిన కాగితం చేతికొచ్చాక సగం, మిగతాది అక్కడికెళ్లాక. దీనికి ఒప్పుకోకపోతే ఒంగోల్లో ఇంకో ఏజెంటు దొరకడా?

ప్రశ్న: శ్రీహరికోటలో రాకెట్టు ఎగరడం చూడాలంటే ఎక్కడ బుక్ చెయ్యాలి? ఎంతవుతుంది?
– డిగ్రీ విద్యార్థి, ఆత్మకూరు

జవాబు: పైసా ఖర్చు లేదు తమ్ముడూ. 2019లో షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) వాళ్లు జనానికి గ్యాలరీ తెరిచారు. ప్రయోగం తేదీ ప్రకటించాక వాళ్ల వెబ్‌సైట్లో రిజిస్ట్రేషను పెడతారు. పెద్ద ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే అయిపోతాయి, ఆధార్ పక్కనే పెట్టుకుని కూర్చో. వెళ్లేటప్పుడు అదే ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి. ప్రయోగం చివరి నిమిషంలో వాయిదా పడటం మామూలే కాబట్టి, సూళ్లూరుపేటలో డబ్బు వెనక్కివ్వని లాడ్జి మాత్రం తీసుకోకు. అక్టోబరు నుంచి మార్చి లోపు వెళ్లి వాయిదాతో చిక్కుకుంటే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు పో. చెరువులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. దానికి బుకింగ్ అంటూ ఏమీ అక్కర్లేదు, గేటు దగ్గరే టికెట్టు.