సముద్రాలు నాలుగా, ఏడా?

సందేహం: చదరంగం 64 గళ్లలో ఒకటితో మొదలుపెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని తెలుగు గణితకవి పావులూరి మల్లన ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు’ అని పద్యంలో చెప్పాడు. ఇందులో అబ్ధి, పయోనిధి 4 అంటున్నారు. మనవి సప్తసముద్రాలు కదా? ‘శర’ అన్నాక మళ్లీ ‘సాయక’ ఎందుకు?
– ఒక ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వస్తువుల పేర్లు చెప్పే పద్ధతిలో, సముద్రం నాలుగే. ప్రవర చెప్పేటప్పుడు ‘చతుస్సాగర పర్యంతం’ అంటాం; నాలుగు దిక్కులా సముద్రమే ఎల్ల అన్న ఆ భావనే ఇక్కడా ఉంది. ఏడుకు వాడుకలో ఉన్నవి పర్వతాలు. ఈ పద్యంలోనే నగ, భూధర, గిరి అని మూడుసార్లు వచ్చాయి.

సంప్రదాయం మాట అలా ఉంచి, లెక్కనే సాక్ష్యానికి పిలుద్దాం. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. 2ను రెట్టిస్తూ ఒక్కో ఫలితాన్నీ 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 వరుసగా వచ్చి మళ్లీ మొదటికి వస్తాయి. మనకు కావలసింది 64 రెండ్ల లబ్ధం. ఆరేసి చొప్పున పది చుట్లు పోగా నాలుగోది, అంటే 7 మిగులుతుంది. గళ్ల మొత్తం దానికంటే ఒకటి తక్కువ కాబట్టి శేషం 6 కావాలి. ఏ సంఖ్యను 9తో భాగించినా, దాని అంకెల మొత్తాన్ని భాగించినా శేషం ఒకటే. పద్యంలోని అంకెలన్నీ కూడితే 87. దాన్ని 9తో భాగిస్తే మిగిలేది సరిగ్గా 6. రెండు సముద్రాలనూ ఏడు చేస్తే కూడిక 93 అయి శేషం 3కు పడిపోతుంది. ఒక్కదాన్నే మార్చితే 90, శేషమే ఉండదు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఒక పద్యపాఠాన్ని లెక్క ఇంత గట్టిగా కాపాడుతోందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక సాయకం. శరమైనా సాయకమైనా మన్మథుడి బాణాలే, అయిదే. ఇది చంపకమాల. పదకొండో అక్షరం యతిస్థానం, అక్కడ గురువు రావాలి. ‘శర’లోని శకారానికి ‘సా’తో యతి కుదిరింది, గురువూ దక్కింది. అక్కడ మళ్లీ ‘శర’ వేస్తే లఘువై గణం చెడుతుంది. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పకుండా, ఛందస్సు చెడకుండా నడిపించిన చేయి అది.

సంఖ్య చివర 5 ఉంది కనుక 5, అంకెల మొత్తం 87 కనుక 3 దీనికి కారణాంకాలని పిల్లలే చెప్పగలరు. మిగతా ప్రధాన కారణాంకాలు 17, 257, 641, 65,537, 67,00,417.

తరగతిలో చదివించేటప్పుడు సంధులు విడదీయించండి. ‘వియన్నగాగ్ని’ అంటే వియత్, నగ, అగ్ని: 0, 7, 3. ‘గగనాబ్ధి’ అంటే గగన, అబ్ధి: 0, 4. ఇక్కడ తొందరపడితే సున్నాలే జారిపోతాయి.