అరటి బోదెల మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర ఊరు, అరటి సాగు. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. గెల కోశాక పారేసే బోదెలతో బయోడీజిల్ తయారీకి క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం) చేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మాయిది గాలిమాట కాదండీ. బోదె కాల్చిన బూడిదలో పొటాషియం లవణాలు ఎక్కువ. నూనెలో మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్), క్యాటలిస్టుగా ఈ బూడిద కలిపి 60-65 డిగ్రీల దగ్గర వేడిచేస్తే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి. కాస్టిక్ సోడా కూడా ఈ పని చేస్తుంది, కానీ అది కరిగిపోతుంది, తిరిగి రాదు. బూడిద లాంటి ఘన క్యాటలిస్టును వడకట్టి మళ్లీ వాడొచ్చు. చిక్కల్లా పొటాషియం కొద్దికొద్దిగా మిథనాల్‌లోకి జారిపోవడమే, వాడేకొద్దీ బూడిద పని మందగిస్తుంది. పైగా బజ్జీల బండి నూనె లాంటి వాడేసిన నూనెలో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి సబ్బు కడుతుంది. అలాంటి నూనెకి ఊకనో చెరకు పిప్పినో బొగ్గు చేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధిచేసిన క్యాటలిస్టులు నప్పుతాయి. ఈ చిక్కుల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా అమ్మాయికి మంచి పరిశోధనాంశం దొరికినట్టే.

ఉద్యోగాల విషయం సూటిగా చెబుతాను. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యం పెట్టింది. మనం ఇంకా ఒక శాతానికీ చేరలేదు. చవకగా సరిపడా నూనె దొరకకపోవడమే దీనికి పెద్ద కారణం. క్యాటలిస్ట్ ఎంత బాగున్నా ఆ లోటు తీరదు. అందుకే బయోడీజిల్ కంపెనీలను మాత్రమే నమ్ముకోవద్దు. క్యాటలిస్ట్ తయారుచేసి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో పదార్థం నిర్మాణం చూసేది), గ్యాస్ క్రొమటోగ్రఫీ (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపేది) వంటి పరికరాలతో పరీక్షించడం చేతికొస్తే రిఫైనరీల్లో, హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీల్లో ఆ పనితనం అక్కరకొస్తుంది.

ఎమ్మెస్సీ కోసం ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్ రాయించండి, చివరి సంవత్సరం వాళ్లూ అర్హులే. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తారు. డబ్బు గురించి మీ టెన్షన్ అక్కడ చాలావరకు తగ్గుతుంది. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థ ఈ రంగానికి మంచి చోట్లు.

ఈలోగా లెక్చరర్‌ని అడిగి, మీ తోట బోదెల బూడిదలో పొటాషియం ఎంతుందో కాలేజీ ల్యాబ్‌లోనే కొలవమనండి. ఇంట్లో మాత్రం మిథనాల్ ముట్టనివ్వొద్దు. అది విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా.