వాయిదాలు తీరలేదు, బ్యాటరీలు తీరిపోయాయి

ప్రశ్న: డ్రోన్‌తో వీడియోలు, సర్వే పనులు చేస్తాను. డ్రోన్‌ను 24 నెలల వాయిదాలపై కొన్నాను, 14 కట్టాను. నెలకు 45 సార్ల దాకా ఎగరేస్తాను. మూడు బ్యాటరీలున్నాయి, ఒక్కోటి 210 సైకిళ్లకు (ఒకసారి ఫుల్ ఛార్జి చేసి వాడితే ఒక సైకిల్) వచ్చింది. కొత్తలో 28 నిమిషాలు ఎగిరేది, ఇప్పుడు 20కే దించాల్సి వస్తోంది. ఒక బ్యాటరీ ఉబ్బింది. ఒక మోటారు గరగరమంటోంది. ఎప్పుడు పిలుపు వచ్చినా వెళ్లేలా బ్యాటరీలన్నీ ఫుల్ ఛార్జి చేసే ఉంచుతాను. ఒక్కో బ్యాటరీ డ్రోన్ ధరలో 12 శాతం ఉంది. చేతిలో నెలన్నర ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బుంది. పాత లోన్ మీద టాప్‌అప్ (అదనపు అప్పు) తీసుకుని, స్పేర్‌గా ఇంకో డ్రోన్ కొనమంటారా?

జవాబు: వద్దండీ. పని బాగా వస్తున్నా చేతిలో డబ్బు నిలవక అప్పుల వైపు చూసేవాళ్లను చాలామందిని చూశాను. అందరిదీ మీరు చేసిన పొరపాటే. కొన్న రోజు ధర చూస్తారు, నెల వాయిదా చూస్తారు. ఆ యంత్రం నెలనెలా ఎంత అరిగిపోతోందో మాత్రం ఎవరూ చూడరు.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. డ్రోన్ ధర వంద అనుకోండి. మూడు బ్యాటరీలకు 36. ఈ సైజు డ్రోన్ల లిథియం పాలిమర్ బ్యాటరీ జాగ్రత్తగా వాడితే 200 నుంచి 300 సైకిళ్లు వస్తుంది. మధ్యలో 250 తీసుకుంటే మూడింటికీ కలిపి 750 సార్లు ఎగరొచ్చు. నెలకు 45 చొప్పున అది 17 నెలల్లోపే అయిపోతుంది. మీ అప్పు 24 నెలలది! అంటే బ్యాటరీ చచ్చిపోయాక కూడా దాని వాయిదా కడుతూనే ఉంటారు. అదే డ్రోన్‌ను మూడేళ్లు నడిపితే రెండు సెట్లకు పైగా బ్యాటరీలు కావాలి, డ్రోన్ ధరలో ముప్పావు వంతు వాటికే పోతుంది. ఈ ఖర్చు మీ వాయిదాలో లేదు. కస్టమర్‌కు చెప్పే రేటులో కూడా ఉండి ఉండదు.

పైగా మీ బ్యాటరీలు 250 దాకా కూడా రాలేదు. సామర్థ్యం 80 శాతానికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే లెక్క. మీవి 28 నిమిషాల నుంచి 20కి, అంటే 71 శాతానికి దిగాయి. ఫుల్ ఛార్జి చేసి పక్కన పెట్టడం ఒక కారణం. బ్యాటరీలోని ఒక్కో సెల్ ఫుల్ ఛార్జిలో, అంటే 4.2 వోల్టుల దగ్గర రోజుల తరబడి కూర్చుంటే లోపల పాడవుతూనే ఉంటుంది, ఎండ వేడి తోడైతే ఇంకా త్వరగా. రెండు మూడు రోజులు పని లేదంటే సగం ఛార్జిలో, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఎగిరి దిగిన బ్యాటరీని వేడి మీదే ఛార్జికి పెట్టకూడదు. ఇది రోజుకు రెండు నిమిషాల పని. చేయకపోతే ఎంత పోతుందో మీరే చూస్తున్నారు.

ఇప్పుడు స్పేర్ డ్రోన్ సంగతి. పెట్టెలో ఉన్నా దాని బ్యాటరీలు ముసలివి అవుతూనే ఉంటాయి. ఎగరని డ్రోన్‌కు వడ్డీ కట్టడం ఏం లెక్కండీ? టాప్‌అప్ అంటే తీరడానికి 10 నెలలున్న అప్పును మళ్లీ మొదటికి తెచ్చుకోవడం. రెండు డ్రోన్లు, రెండు వాయిదాలు, నెలన్నర పొదుపు. ఏదైనా నెల పని తగ్గితే ఇంటి ఖర్చు దేంతో నడుపుతారు?

నేను ఎప్పుడూ పోరు పెట్టేది ఇదే. పనిముట్టు మీద బతికేవాళ్లకు రెండు నిధులు, రెండు వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. ఒకటి ఇంటిది: వాయిదాలతో సహా ఆరు నెలల ఖర్చు. రెండోది యంత్రానిది. బ్యాటరీలకు నెలకు డ్రోన్ ధరలో రెండు శాతం పైచిలుకు, ప్రొపెల్లర్లు, మోటార్లు, గింబల్ (కెమెరా వణక్కుండా పట్టే భాగం) రబ్బర్లు, కేబుల్ వంటివాటికి ఇంకొంత, మొత్తం మూడు శాతం పక్కకు తీయండి. మొదటి నెల నుంచి తీసి ఉంటే ఈ 14 నెలలకు 42 శాతం పోగయ్యేది. బ్యాటరీల సెట్ 36 పోను, మోటారుకు కూడా మిగిలేది. ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఈ రెండు నిధులనూ కలపొద్దు. కలిపితే బ్యాటరీ కొన్న నెలలోనే ఆసుపత్రి ఖర్చు వస్తుంది. ఎందుకో గానీ, అలాగే జరుగుతుంది.

ఈ నెలలో ముందు మోటారు చూడండి. డ్రోన్‌లో ఉండే బ్రష్‌లెస్ (లోపల రాసుకునే బ్రష్‌లు లేని) మోటారులో అరిగేది ముఖ్యంగా బేరింగే. పవర్ తీసి, ప్రొపెల్లర్లు విప్పి, నాలుగు మోటార్లనూ వేలితో తిప్పండి. మిగతా మూడింటిలా సాఫీగా తిరగనిదాన్ని మార్పించండి. నాలుగు మోటార్ల డ్రోన్‌లో ఒకటి ఆగిందంటే డ్రోన్ నేల మీదే. అంచు చిట్లిన ప్రొపెల్లర్‌తో 'ఇంకో నాలుగు రోజులు' అని ఎగరేసే పిసినారితనం కూడా వద్దు. ఆ వణుకు బేరింగ్‌నూ, గింబల్‌నూ తినేస్తుంది.

తర్వాత ఉన్న డబ్బులోంచి ఒక్క బ్యాటరీ కొనండి, మూడూ కాదు. వచ్చే రెండు నెలల సంపాదనలోంచి ఒక్కోటి. ఉబ్బని పాతవి రెండూ చిన్న పనులకు పనికొస్తాయి, ఇంకా 30 శాతం ఛార్జి ఉండగానే దించేయండి. పెద్ద పని వస్తే ఆ రోజుకు డ్రోన్ అద్దెకు తీసుకుని, ఆ అద్దెను రేటులో కలపండి. సెల్స్ మార్చిన చౌక బ్యాటరీలు మాత్రం వద్దు, డ్రోనే పోతుంది. బీమా తీసుకోండి, కానీ అరుగుదలకు అది డబ్బివ్వదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీసే ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి.

పది నెలల తర్వాత అప్పు తీరుతుంది. అప్పుడు కూడా అదే వాయిదా మొత్తాన్ని మీ ఖాతాకే కట్టుకోండి. ఇంటి నిధి ఆరు నెలలకు నిండి, రెండో డ్రోన్ ధరలో సగం చేతిలో ఉన్న రోజున మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఈరోజే పక్కన పెట్టండి. ఎగరేయొద్దు, ఛార్జి చేయొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.