అరిగింది సరే, పెయ్యికి పట్టిందా?

"తిన్న తిండి రక్తంలోకి ఎట్లా పోతుంది? మా తమ్ముడు నాకంటే రెండింతలు తింటాడు, అయినా పుల్లలాగే ఉంటాడు, ఎందుకు?" అని అడిగారు. నేను డాక్టర్ను కాను, మందుల దుకాణం నడుపుతాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే దొరికింది కాబట్టి రాస్తున్నా.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ మండలం వైపు ఊరు. ఐదేండ్ల కింద మా అమ్మకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కండ్లకు చీకట్లు. తిండికి ఏ లోటూ లేదు. పొద్దున జొన్నరొట్టె, పుంటికూర, మధ్యాహ్నం అన్నం, పప్పు. "మంచిగనే అరుగుతుంది బిడ్డా, పెయ్యికే పడ్తలేదు" అనేది, అంటే ఒంటికి పట్టడం లేదని. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది, అంటే రక్తం తక్కువ. ఐరన్ గోళీలు ఇచ్చారు. రెండు నెలలు వేసుకున్నా కదలిక లేదు. అమ్మ అన్న మాటలోనే జవాబుందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అరగడం ఒక పని, పట్టడం ఇంకో పని.

ముందు అరగడం సంగతి. జొన్నరొట్టె ముక్క ఒకటి కూర లేకుండా నోట్లో వేసుకుని ఓపిగ్గా నమలండి. కాసేపటికి తియ్యగా తగులుతుంది. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ పూసలు వేలకొద్దీ గుచ్చిన దండ. లాలాజలంలోని ఎంజైమ్ ఆ దండను తెంపుతూ మాల్టోజ్ అనే చక్కెర ముక్కలు చేస్తుంది. ఆ తీపి దానిదే. దండగా ఉంటే పేగు గోడ దాటలేదు, పూసలుగా విడిపోతేనే దాటుతుంది. పప్పులోని ప్రోటీన్లదీ ఇదే కథ, అక్కడి పూసలు అమైనో ఆమ్లాలు. వాటిని తెంపే పని జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ కలిసి మొదలుపెడతాయి. అక్కడ తిండి రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. కొవ్వు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. దావత్‌లో మధ్యాహ్నం మటన్ గట్టిగా తింటే రాత్రి దాకా ఆకలి కాకపోవడం అందుకే.

పేరంతా కడుపుకు వచ్చింది గానీ అసలు పని చిన్నపేగుది. సుమారు ఆరు మీటర్ల పొడవు. క్లోమం నుంచి వచ్చే రసం పిండిని, ప్రోటీన్లను, కొవ్వును మూడింటినీ తెంపుతుంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలో ఎంజైములు ఉండవు. సబ్బు జిడ్డును విడగొట్టినట్టు నూనెను చిన్న చిన్న బొట్లుగా చేసి ఊరుకుంటుంది. ఇక పట్టడం సంగతి. పేగు లోపలి గోడ మీద గొంగడి నూగులాగా ఆంత్రచూషకాలు లక్షల్లో ఉంటాయి, ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ నూగంతా లెక్కలోకి తీసుకుని పరిస్తే దాదాపు 30 చదరపు మీటర్లు. చక్కెర, అమైనో ఆమ్లాలు ఇక్కడి నుంచి రక్తంలోకి దిగి నేరుగా కాలేయానికి పోతాయి. కొవ్వు దారి వేరు. పేగు కణంలోకి వెళ్ళాక మళ్ళీ కొవ్వుగా కట్టుకుని, శోషరస (లింఫ్) నాళాల్లో పైకి పాకి, మెడ కింద రక్తంలో కలుస్తుంది.

ఈ నూగు చదునైపోతే మనిషి ఎంత తిన్నా ఎండిపోతాడు. స్ప్రూ అనే జబ్బులో జరిగేది అదే. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు ఆ జబ్బుతోనే పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు మందైంది.

మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తా. ఒకరోజు ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఇంటికొచ్చి "గోళీ ఎప్పుడేస్తున్నవ్ పెద్దమ్మా?" అని అడిగింది. "రొట్టె తిని, చాయ్‌తోని" అంది అమ్మ. "అట్లయితే ఆ గోళీ చాయ్‌కే పోతుంది, నీకేం మిగుల్తది?" అందా అమ్మాయి. రోజూ ఎందరికో గోళీలు లెక్కబెట్టి ఇచ్చేవాణ్ణి, సొంత తల్లిని ఈ ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

ఇనుమును ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం. చాయ్‌లోని టానిన్లు, జొన్న పొట్టులోని ఫైటేట్లు ఇనుమును అంటిపెట్టుకుంటే అది గోడ దాటదు. ధాన్యాలు, ఆకుకూరల్లోని ఇనుములో చాలాసార్లు పదోవంతు కూడా మనకు దక్కదు. పేగుకు ఎందుకంత పిసినారితనం అంటే, లోపలికి పోయిన ఇనుము ఎక్కువైతే బయటికి నెట్టే దారి శరీరానికి లేదు. కాపలా అంతా గుమ్మం దగ్గరే. పేగు కణం ఇనుమును తీసుకుని కాసేపు దాచి చూస్తుంది. రక్తం అడగకపోతే మూడు నాలుగు రోజుల్లో ఆ కణమే రాలిపోతుంది, ఇనుమూ దానితోపాటే. ఐరన్ గోళీలు వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుందని భయపడి మానేసేవాళ్ళు మా షాపుకు చాలామంది వస్తారు. ఆ నలుపు పట్టని ఇనుమే, భయపడాల్సింది కాదు.

అమ్మకు గోళీ వేళ మార్చాం. మధ్యాహ్నం తిండికి గంట ముందు, నిమ్మకాయ నీళ్ళతో. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును పేగు తీసుకునే రూపంలోకి మారుస్తుంది. చాయ్ సాయంత్రం నాలుగింటికి జరిగింది. దానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11కు వచ్చింది.

అమ్మ మోకాళ్ళ నొప్పి మాత్రం పోలేదు. ముప్పై ఏండ్లు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగిన ఒళ్ళు. ఇనుము దగ్గర అంత లెక్కలు చూసే ఈ గోడ, ఫ్లోరైడ్ వస్తే తలుపు బార్లా తెరుస్తుంది. దాన్ని తెంపే పనే లేదు, ముందే చిన్నది. కడుపులోని ఆమ్లంతో కలిసి సులువుగా గోడ దాటే రూపంలోకి మారుతుంది. నీళ్ళలో తాగినదాంట్లో ఎక్కువ భాగం గంటా రెండు గంటల్లో రక్తంలో ఉంటుంది. కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లో కూర్చుంటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, ఆ కీర్తి మాకెవ్వరికీ అక్కర్లేదు. ఇప్పుడు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి, పిల్లల పండ్లు తెల్లగా ఉన్నాయి. పాలల్లోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కొంత ఆపుతుంది. కానీ అదే కాల్షియం ఇనుమునూ ఆపుతుంది. అందుకని అమ్మకు పాలు రాత్రి పూటే.

మీ తమ్ముడి సంగతి. పుల్లలా ఉన్నా హుషారుగా ఉంటే, బరువు తగ్గకుండా ఉంటే అది అతని ఒంటి తీరే కావచ్చు. బరువు దిగుతుంటే మాత్రం షుగర్, థైరాయిడ్ చూపించండి. మలం జిడ్డుగా, వాసనగా వస్తుంటే కొవ్వు పట్టడం లేదని అర్థం, డాక్టరుకు అది తప్పకుండా చెప్పాలి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే అలవాటుంటే కొంకిపురుగుల కోసం మల పరీక్ష చేయించండి, అవి చిన్నపేగును పట్టుకుని రక్తం తాగుతాయి. ఈ పరీక్షలు అయ్యేదాకా ఆకలి టానిక్కులు, బలం పొడులు కొనకండి. నా దుకాణంలో అయినా సరే.