ఆడకుక్కకు ఆపరేషన్: ముందు, తర్వాత ఏం చూసుకోవాలి?

రెండేళ్ల ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నామని, కుట్లు విప్పేదాకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు.

అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ కడుపు. మత్తులో మింగే, దగ్గే శక్తి తాత్కాలికంగా పోతుంది కాబట్టి, కడుపులోని ఆహారం పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందురోజు రాత్రి 8, 9 గంటలకు ఆఖరి భోజనం పెట్టి, ఉదయం ఏమీ పెట్టకూడదు. నీళ్ల సంగతి డాక్టరునే అడగండి. ఇంట్లో ఎవరో జాలిపడి బిస్కెట్ పెట్టడం మామూలే, అలా జరిగితే దాచకుండా చెప్పండి. కుక్క ఎదలో, అంటే జతకు వచ్చే రోజుల్లో ఉన్నా చెప్పాలి. అప్పుడు గర్భాశయానికి రక్తప్రసారం ఎక్కువ గనుక సాధారణంగా వాయిదా వేస్తారు.

ఇంటికి తెచ్చిన రాత్రి కాస్త వణకడం, తూలడం సహజం. మంచం మీద కాక నేల మీద దుప్పటి పరచి పడుకోబెట్టి, పూర్తిగా తేరుకున్నాక రోజూ తినేదే కొద్దిగా పెట్టండి. కుట్లు నాకకుండా మెడకు గరాటు లాంటి కాలరు 10 నుంచి 14 రోజులు ఉండాలి. చూడటానికి పాపం అనిపించినా తీయవద్దు. అన్నాళ్లూ స్నానం, గెంతులు కూడదు. మనం నొప్పులకు వాడే ఐబూప్రొఫెన్ మాత్ర కుక్కలకు విషం.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తుండండి. గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోతే లోపల రక్తస్రావం కావచ్చు కనుక తెల్లారేదాకా ఆగకూడదు. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కైతే కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి.