జంట కళ్లెం వేసే ముందు గుర్రం నోరు చూడండి

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకు తిప్పిన ఏడేళ్ల మార్వారీ ఆడగుర్రాన్ని కొన్నాం. రైడింగ్ నేర్చుకుంటున్న మా అబ్బాయి జంట కళ్లెం, అదే డబుల్ బ్రైడిల్ తెప్పించాడు. అది వేసినప్పటి నుంచి గుర్రం తల ఎగరేస్తోంది, నాలుక పక్కకు వేలాడేస్తోంది. ఏ బిట్ (నోట్లో పెట్టే ఇనుప కడ్డీ) వేస్తే కుదురుకుంటుంది సార్?

జవాబు: తల ఎగరేస్తే చాలామంది పొగరు అనుకుంటారు. నాకు మాత్రం ముందు నొప్పి మీదే అనుమానం. ఊరేగింపు గుర్రాలకు కొందరు ముళ్ల కళ్లెం వేస్తారు. 1965 నాటి కేంద్ర నిబంధనలే దాన్ని నిషేధించాయి. ఆ గాయాలు నాలుక మీద, ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఖాళీగా ఉండే చిగురు మీద మచ్చలై మిగిలిపోతాయి. బిట్ ఆనేది సరిగ్గా అక్కడే. దవడపళ్ల అంచులు పదునెక్కినా ఇలాగే చేస్తుంది. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. ఒకసారి నోరు చూపించండి. పుండు ఉంటే మానేదాకా ఏ బిట్టూ వద్దు.

ఇక బిట్ సంగతి. లావు బిట్ మెత్తన అంటారు. ఒక్క బిట్ వేసినప్పుడు అది చాలావరకు నిజమే. జంట కళ్లెంలో ఒకే నోట్లో రెండు ఇనుములు పట్టాలి, నాలుకకూ చోటుండాలి. అందుకే పైన ఉండే సన్నని బిట్, అంటే బ్రాడూన్, 12 నుంచి 14 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. కాడలూ గొలుసూ ఉండే కింది బిట్‌ను కర్బ్ అంటారు, దానికి మధ్యలో వెడల్పైన చిన్న వంపు ఉండాలి. వంపు మరీ ఎత్తైతే అంగిలికి గుచ్చుకుంటుంది. కర్బ్‌కు నోటి బయట కిందికి ఉండే కాడ పొడవయ్యేకొద్దీ పగ్గం లాగిన బలం పెరుగుతుంది. నేర్చుకునే చేతికి 5 సెంటీమీటర్ల కాడ మంచిది.

వెడల్పు కోసం నోట్లో బిట్ ఆనే చోట శుభ్రమైన తాడు పెట్టి రెండు పెదవుల అంచుల దగ్గర గుర్తు పెట్టండి. కర్బ్ పెదవులను నొక్కకుండా ఆనుకోవాలి. బ్రాడూన్ దానికంటే అర సెంటీమీటరు వెడల్పు ఉండొచ్చు. కర్బ్ గొలుసు మెలికలు లేకుండా గడ్డం కింది పల్లంలో పడాలి. పగ్గం లాగితే కాడ 45 డిగ్రీలు వాలేసరికి గొలుసు బిగియాలి. ముక్కుపట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్లు దూరాలి.

ఒంటి కళ్లెంతో నెమ్మదిగా, తల నిలకడగా పెట్టి నడవడం వచ్చేదాకా జంట కళ్లెం పక్కన పెట్టమని అబ్బాయికి చెప్పండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ రెండు బిట్లూ వెంట తెండి, నోటికి పెట్టి చూడొచ్చు.