బెల్ట్ మార్చినా తెగింది, బండి షెడ్డులో ఇరుక్కుంది: తాడు కట్టి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నాకు 2010 మోడల్ టాటా ఏస్ ఉంది. నేనే తోలుకుంటాను, కూరగాయలు, ఇళ్ల సామాన్లు కిరాయికి వేస్తాను. ఫిబ్రవరిలో టైమింగ్ బెల్ట్ మార్పించడానికి ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు ఇచ్చాను. మేస్త్రీ మూడున్నర వేలు అవుతుందన్నాడు. విప్పాక ఫోన్ చేసి ఇంకా పని ఉందంటే, కిరాయి తొందరలో ‘ఏది అవసరమో అది వెయ్యి’ అన్నాను. చివరికి 8,700 అడిగాడు. 7,500 ఫోన్‌పే చేశాను, 1,200 బాకీ పెట్టాను. తెల్ల చీటీ మీద బెల్ట్, టెన్షనర్ బేరింగ్, వాటర్ పంపు, లేబర్ అని రాసిచ్చాడు. జూన్‌లో, ఏడు వేల కిలోమీటర్లు కూడా తిరగకుండానే, చిలకలూరిపేట దగ్గర బెల్ట్ తెగింది. అదే షెడ్డుకు లాక్కొచ్చాం. నన్ను అడిగే హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాడు. వాల్వులు వంగాయి, 26,000 అవుతుందంటున్నాడు. మా బావ కూడా మెకానిక్కే. చూసి, బేరింగ్ మార్చనే లేదు, పాతదే జామ్ అయి ఉంది అన్నాడు, ఫొటోలు తీశాడు. మేస్త్రీని అడిగితే ‘పాత బండికి గ్యారంటీ ఏంటి’ అంటున్నాడు. పాత బాకీ 1,200, హెడ్ దించినందుకు 3,000, రోజుకు 200 పార్కింగ్ కడితేనే బండి ఇస్తాడట. మూడున్నర వేలు చెప్పి 8,700 వసూలు చేసినందుకు కేసు వేయొచ్చా? రాత్రిపూట తాడు కట్టి బండి తెచ్చుకుంటే తప్పవుతుందా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఈ రాత్రే జరిగిపోవచ్చు. తాడు కట్టి తెచ్చుకోకండి. నా బండి నేను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందని మీకు అనిపిస్తుంది. అవ్వొచ్చు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో, అంతకుముందు ఐపీసీ 378లో, దాదాపు మీ కథే ఉదాహరణగా ఇచ్చారు. ఐపీసీ 1860 నాటిది కాబట్టి అందులో బండి బదులు గడియారం ఉంటుంది. ఒకడు గడియారం బాగుచేయించుకుని డబ్బు బాకీ పడ్డాడు. బాకీ తీరేదాకా బాగుచేసినవాడు దాన్ని హామీగా ఉంచుకున్నాడు. ఆ హామీ దక్కకుండా చేద్దామని యజమాని తన గడియారాన్ని తానే పట్టుకుపోయాడు. అది దొంగతనమే అంటుంది చట్టం. దానికి ముందే ఇంకో ఉదాహరణ ఉంది. బాకీ ఏమీ లేనివాడు నేరుగా షాపులోకి వెళ్లి తన గడియారం బలవంతంగా లాక్కుంటే దొంగతనం కాదు, కానీ అక్రమ ప్రవేశం, దౌర్జన్యం కేసులు రావచ్చు. మీరు ఈ రెండు ఉదాహరణలకు మధ్యలో ఎక్కడో ఉన్నారు. ఎక్కడున్నారో తేల్చుకునే చోటు అర్ధరాత్రి ఆటోనగర్ కాదు.

ఇంతకీ మేస్త్రీకి బండి ఆపే హక్కు ఉందా? కొంత ఉంది. కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, తనకు అప్పగించిన వస్తువు మీద ఒప్పుకున్న పని చేసినవాడు ఆ పనికి రావాల్సిన కూలి వచ్చేదాకా వస్తువును ఆపుకోవచ్చు. ‘ఆ పనికి’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఫిబ్రవరి బాకీ 1,200 సంగతి చూడండి. ఆ పని అయ్యాక బండి మీ చేతికి ఇచ్చేశాడు, దానితోనే ఆ బాకీ కోసం బండి ఆపే హక్కు పోయింది. జూన్‌లో బండి మళ్లీ తన షెడ్డులోకి వచ్చింది కదా అని పాత లెక్క దానికి తగిలించడానికి వీల్లేదు. ఏ బాకీకైనా ఏ వస్తువునైనా ఆపుకునే విస్తృతమైన హక్కు 171వ సెక్షన్‌లో ఉంది కానీ అది బ్యాంకర్లలాంటి కొందరికే. మెకానిక్‌కు కావాలంటే ముందే ఒప్పందం ఉండాలి. 1,200 ఆయనకు రావాల్సి ఉంటే విడిగా అడగాలి, అంతే.

రోజుకు 200 పార్కింగ్ గురించి మీరు ముందు ఒప్పుకున్నది ఏమీ లేదు. బండిని తన బాకీ కోసం తానే ఆపుకుని, ఆపినందుకు అద్దె అడగడం నిలబడే వాదన కాదు. మిగిలింది హెడ్ దించిన 3,000. దించమన్నది మీరే. తన తప్పు వల్లే దించాల్సి వచ్చింది కాబట్టి అది కూడా ఇవ్వక్కర్లేదని నేను కోర్టులో వాదిస్తాను. కానీ మీకు ఇచ్చే సలహా వేరు. ఆ 3,000 కట్టి బండి బయటికి తెచ్చుకోండి. కట్టేముందు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపండి: ‘బెల్ట్ తెగడానికి మీ పనే కారణమని నా అభ్యంతరం. ఆ అభ్యంతరం వదులుకోకుండానే, బండి విడిపించుకోవడానికి ఈ 3,000 కడుతున్నాను.’ డబ్బు ఫోన్‌పేలోనే వేయండి. పౌరుషానికి పోయి మూడు వేల కోసం బండిని నెల రోజులు అక్కడే ఉంచితే మీ కిరాయిలు పోతాయి. పైగా ‘నష్టం పెరగకుండా నువ్వేం జాగ్రత్త తీసుకున్నావు’ అని రేపు మిమ్మల్నే అడుగుతారు. కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ వివరణలో ఆ ప్రశ్న ఉంది. 3,000 ఇవ్వజూపినా బండి వదలకపోతే అప్పుడు తప్పు పూర్తిగా ఆయనది. పోలీస్ కంప్లైంట్‌కు బలం వచ్చేది అప్పుడే. ఇవాళ వెళ్తే ‘ఇది సివిల్ గొడవ, కోర్టుకు వెళ్లండి’ అని పంపించేసే అవకాశమే ఎక్కువ.

ఇక మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్న విషయం, మూడున్నర వేలు చెప్పి 8,700 తీసుకోవడం. మీరు వినాలనుకున్నది నేను చెప్పలేను. ‘ఏది అవసరమో అది వెయ్యి’ అన్న మాటతో ఆ కేసు సగం పోయింది. ఆ మాట అనకపోయినా, కొత్త వాటర్ పంపు వేయించుకుని నాలుగు నెలలు వాడుకున్నాక దానికి తగిన ధర ఇవ్వాలనే కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. బెల్ట్ తీసినప్పుడే పంపు కూడా మార్చడం పాత బండ్లకు మామూలే, లేకపోతే పంపు కారినప్పుడు అదే లేబర్ మళ్లీ పెట్టుకోవాలి. బెల్ట్ ధర ఎప్పుడూ చిన్నదే, దాన్ని చేరుకోవడానికి విప్పే లేబరే పెద్దది. అసలు ధర మీద ఒక్క సందు ఉంది. పంపు, బెల్ట్ వచ్చిన అట్టపెట్టెల మీద ఎమ్మార్పీ ఉంటుంది, అంతకు మించి తీసుకుని ఉంటే అది తూనికలు కొలతల శాఖకు చెప్పుకోదగ్గ తప్పు. పెట్టెలు మీ దగ్గర ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే వదిలేయండి.

మీ అసలు కేసు ఆ చీటీలో ఉంది. ‘టెన్షనర్ బేరింగ్’ అని ఆయన తన చేత్తో రాశాడు, డబ్బు తీసుకున్నాడు, బండిలో పాతదే ఉంది. దీన్ని రుజువు చేయగలిగితే ‘పాత బండికి గ్యారంటీ ఏంటి’ అన్న మాటకు విలువ ఉండదు. బండి పాతదే, ఇంజిన్ పాతదే. కానీ మీరు డబ్బు కట్టిన బేరింగ్ వయసు నాలుగు నెలలే కావాలి. వెయ్యని సామానుకు డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం. సరైన బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలోని అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉంది, కాబట్టి తెల్ల చీటీ ఆయనకు రక్షణ కాదు.

పాత బేరింగ్ ఉందని చూపితే సరిపోదు, దానివల్లే బెల్ట్ తెగిందని కూడా చూపాలి. సేవాలోపం ఉందని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదే అని సుప్రీంకోర్టు 2021లోనూ చెప్పింది. బెల్ట్ ఎలా తెగుతుందో మెకానిక్‌లకు చెప్పనక్కర్లేదు కానీ, మీ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ సభ్యులకు చెప్పాలి. కింద క్రాంక్ (పిస్టన్లతో తిరిగే ఇరుసు), పైన క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒకే లయలో తిరిగేలా పట్టి ఉంచేది పళ్ల బెల్ట్. దాని బిగువు చూసేది టెన్షనర్ బేరింగ్. అది జామ్ అయితే బెల్ట్ దాని మీద రాసుకుని వేడెక్కి తెగుతుంది. తెగిన క్షణంలో తెరిచి ఉన్న వాల్వులను పైకి వచ్చే పిస్టన్ కొడుతుంది, మీ వాల్వులు వంగింది అందుకే. అవతలివాళ్లు ఇంకో కారణం చెబుతారు: సీల్ కారి బెల్ట్‌కు ఆయిల్ పట్టిందనో, ఓవర్‌లోడ్ వేశారనో. పంపు బేరింగ్ పట్టేసినా బెల్ట్ తెగొచ్చు, అయితే ఆ పంపు వేసింది కూడా ఆయనే. కాబట్టి బెల్ట్ మీద ఆయిల్ ఉందా, పంపు చేత్తో తిరుగుతోందా అన్నవి ఇప్పుడే ఎవరైనా చూసి రాయాలి. మీ బావగారి మాట నిజమే కావచ్చు, కానీ ఆయన మీ బావ. చుట్టరికం లేని ఇంకో మెకానిక్ చేత, వీలైతే ఆటోమొబైల్ డిప్లొమా చదివినవాళ్ల చేత చూపించి అఫిడవిట్ తీసుకోండి. హెడ్ మళ్లీ ఎక్కించకముందే ఇది జరగాలి. ఒక తేదీ చెప్పి ‘ఆ రోజు ఫలానా షెడ్డులో చూపిస్తున్నాం, మీరూ రండి’ అని మేస్త్రీకి ముందుగా రాయండి. వస్తే మంచిదే. రాకపోతే, నన్ను పిలవకుండా సామాను మార్చేశారని తర్వాత అనలేడు.

అవతలి లాయర్ ఇంకో మాట ఎత్తుతాడు: ఇది కిరాయి బండి, వ్యాపారం, మీరు వినియోగదారుడే కాదు అని. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, ట్రక్కు కొనుక్కుని బతుకుతెరువు కోసం తానే తోలుకునేవాడు వినియోగదారుడే అని చెప్పింది. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఫర్వాలేదంది. నాలుగు బండ్లు, నలుగురు డ్రైవర్లు ఉంటే కథ వేరు. అయితే 2019 చట్టంలో స్వయం ఉపాధి మినహాయింపు రాసిన వాక్యంలోంచి ‘సేవలు’ అన్న మాట పోయి ‘వస్తువులు’ మాత్రమే మిగిలింది. మరమ్మతు సేవ కదా అని అవతలి లాయర్ దాన్ని పట్టుకోవచ్చు. మీ దగ్గర జవాబు ఉంది: బెల్ట్, బేరింగ్, పంపు మీరు డబ్బిచ్చి కొన్న వస్తువులే. ఫిర్యాదులో ఈ మాట మొదటి పేజీలోనే రాయండి. బండి నేనే తోలుతాను, ఇంకో ఆదాయం లేదు అనీ రాయండి, లైసెన్స్ కాపీ జతచేయండి.

ఫిర్యాదు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఇప్పటి చట్టం ఫిర్యాదుదారుడు నివసించే చోట వేసుకోనిస్తుంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు (ఈ మాట నేను చెప్పకూడదేమో!), ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. గడువు రెండేళ్లు. అంతకుముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి 15 రోజులు చూడండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబితే కొన్నిసార్లు అక్కడే తెగుతుంది, కానీ బోర్డు కూడా లేని చిన్న షెడ్డు విషయంలో నాకు పెద్ద ఆశ లేదు. దానికన్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించడం మేలు. మేస్త్రీ సగం ఖర్చు భరిస్తానని అక్కడ దిగివస్తే ఒప్పుకోవడం గురించి ఆలోచించండి. అవార్డు (లోక్ అదాలత్ తీర్పు) అయ్యాక అప్పీలు ఉండదు, కాబట్టి అంకె మనసులో ఖాయం చేసుకుని వెళ్లండి. ఎటూ కుదరక కమిషన్‌కే వెళ్తే, బండి ఇంకా ఆయన దగ్గరే ఉంటే ఫిర్యాదుతోపాటు, కేసు తేలేలోపే బండి ఇప్పించమని మధ్యంతర ఉత్తర్వు కోసం కూడా అడగండి.

ఎంత అడగాలి? హెడ్ పనికి అయిన అసలు ఖర్చు బిల్లుతో సహా, బేరింగ్ ధర, బండి లాక్కొచ్చిన ఖర్చు, అభ్యంతరంతో కట్టిన 3,000. పోయిన కిరాయిలు కూడా అడగండి, కానీ రిపేరుకు మామూలుగా పట్టే రోజులకే. మీ రోజువారీ ఆదాయానికి ఫోన్‌పే స్టేట్‌మెంట్ తప్ప వేరే కాగితం ఉండకపోవచ్చు, అదే పెట్టండి. మానసిక వేదనకు ఐదు లక్షలని రాసేవాళ్లు ఉంటారు. అలా రాస్తే మిగతా అంకెలను కూడా అనుమానంగా చూస్తారు. ఇన్సూరెన్స్ వైపు చూడకండి, యాక్సిడెంట్ లేకుండా ఇంజిన్ పాడైతే మామూలు మోటారు పాలసీ ఇవ్వదు.

26,000 పని అదే షెడ్డులో మాత్రం చేయించకండి. బండి తీసుకునే రోజు తెగిన బెల్ట్ ముక్క, ఆ పాత బేరింగ్, విప్పిన వాల్వులు అన్నీ అడిగి తీసుకోండి. అవి మీ సామాను. ఇస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి, ఒక కవర్లో పెట్టి సీల్ చేసి, పైన తేదీ వేసి ఆ చూసిన మెకానిక్ చేత సంతకం పెట్టించండి. బేరింగ్ మాత్రం కనిపించడం లేదని ఆయన అంటే, ఆ మాట కూడా వీడియోలో రానివ్వండి.